ఎడమచేతి బటన్

ప్రెస్సు మిషను దిమ్మ చేతి మీదికి దిగినప్పుడు తమ్ముడు అరవలేదు. అరిచింది పక్క మిషను దగ్గరున్న అక్క. డబ్బా మూతలు కొట్టే ఆ ఇనుప దిమ్మ కింద తమ్ముడి ఎడమచెయ్యి మణికట్టు దాకా నలిగిపోయింది. దిమ్మను పైకి లేపేసరికి వేళ్లు రేకుకే అతుక్కుని ఉన్నాయి. మూతలు మోసే వ్యానులోనే వాణ్ని ఆస్పత్రికి పంపారు. అక్క కూడా ఎక్కబోతే మేస్త్రీ జబ్బ పట్టుకుని కిందికి లాగేశాడు. మేస్త్రీ పరాయివాడేం కాదు, వాళ్ల సొంత బాబాయే. ఇద్దరినీ పనిలో పెట్టించింది కూడా ఆయనే.

ఆ మిషనుకి రెండు బటన్లు. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే దిమ్మ దిగుతుంది, కాబట్టి దాని కింద చెయ్యి ఉండే వీల్లేదు. ఆర్డరు ఆలస్యమవుతోందని మేనేజరు ఎడమ బటన్ ఎప్పుడూ నొక్కుకుని ఉండేలా ఒక చెక్కముక్క దిగ్గొట్టించాడు. ఒక చేత్తో నొక్కుతూ రెండో చేత్తో రేకు అందిస్తుంటే పని పరుగెడుతుంది. పరుగెత్తింది కూడా.

రక్తం కూడా తుడవకముందే మేనేజరు అందర్నీ పోగుచేశాడు. ఆయనకి కర్మ సిద్ధాంతం మీద మహా గురి. ప్రతి సోమవారం పని మొదలయ్యే ముందు దాని మీద క్లాసు పీకుతాడు. నిర్ణయం తీసుకునేవాడి మనసు శుభ్రంగా ఉంటే ఫలితం వాడికి అంటదట. చెక్క కొట్టించింది పదిమంది కడుపు నిండాలనే గానీ తన కోసం కాదట. కుర్రాడి చెయ్యి పోవడం వాడు పోయిన జన్మలో చేసుకున్న పాపమట. చెబుతుంటే ఆయన కళ్లు నిజంగానే చెమర్చాయి. అబద్ధాలాడేవాణ్నయినా భరించవచ్చు గానీ, ఇలా తన మాట తనే నమ్మేసే మనిషిని చూస్తే ఒళ్లు మండుతుంది. కళ్లు తుడుచుకుని, సరుకు సాయంత్రానికి వెళ్లాలి కనక తమ్ముడి మిషను దగ్గర అక్కని నిలబడమన్నాడు.

అక్క వెళ్లి నిలబడింది. కింద పడున్న సుత్తి తీసుకుని రెండు దెబ్బల్లో చెక్కని ఊడగొట్టింది.

బాబాయి ఆమె జుట్టు పట్టుకుని దవడ పగలగొట్టాడు. పెదవి చిట్లింది.

"పిచ్చిదానా, రెండు కొంపల తిండి పోగొడతావా? సారు చెప్పింది వినలేదా? వాడి కర్మ అలా ఉంది."

అక్క నోట్లో రక్తం ఉమ్మేసి మేనేజరు వైపు తిరిగింది.

"ఆ చెక్క పోయిన జన్మలో దిగలేదు సార్. మొన్న మంగళవారం మీరే దిగ్గొట్టించారు."

మేనేజరు మొహం మాడిపోయింది. చెక్క మళ్లీ కొట్టమని మేస్త్రీని గదమాయించాడు. బాబాయి సుత్తి లాక్కుని చెక్క పెట్టబోతే అక్క బటన్ మీద అరచెయ్యి పరిచింది. తియ్యమన్నాడు. తియ్యలేదు. సుత్తి దిగింది. చూపుడువేలి గోరు చీలి రక్తం చిమ్మింది. అక్క పళ్ల బిగువున మూలిగింది గానీ చెయ్యి కదపలేదు.

"కొట్టవయ్యా, చూస్తావేం?" అన్నాడు మేనేజరు.

"కొట్టు బాబాయ్," అంది అక్క. "నా చెయ్యి కూడా పోయిన జన్మలోనే పోయిందని చెప్తార్లే."

బాబాయి సుత్తి ఎత్తాడు. ఎత్తినవాడు దాన్నేం చెయ్యాలో తెలియక మేనేజరు మొహంలోకి చూస్తూ అలాగే నిలబడిపోయాడు.