బ్రేకు కింద మువ్వ

“అంత మంచి బండైతే వాడెందుకు అమ్ముకుంటున్నాడే?”

ఇంకా గుమ్మం దాటలేదు, చెప్పులైనా తొడుక్కోలేదు, టైలరమ్మ అప్పుడే మొదలుపెట్టింది.

“అది అడగడానికేగా పోతున్నాం,” అంది కూతురు తాళంకప్ప చేతిలోకి తీసుకుంటూ.

“అడిగితే చెప్తాడా? చిరిగిన గుడ్డ అమ్మేవాడు మడత విప్పి చూపిస్తాడా ఎక్కడైనా?”

టైలరమ్మ ముప్పై ఏళ్లుగా కుట్టుమిషను తొక్కుతోంది. ఏ గుడ్డకైనా ఎక్కడో ఒకచోట చిరుగు ఉంటుందనీ, అది అమ్మేవాడికి ముందే తెలుసనీ ఆమె నమ్మకం. కూతురు ఆరేళ్లుగా ఒక కంపెనీలో లారీ నడుపుతోంది. ఆ ఆరేళ్లూ ఫోను మోగితే ఆసుపత్రివాళ్లు, మోగకపోతే పోలీసువాళ్లు అనుకుంటూనే బతికింది తల్లి. ఇప్పుడా పిల్ల ఉద్యోగం మానేసి సొంత లారీ కొంటానంటోంది. పెంకుల ఫ్యాక్టరీ వాళ్లు వచ్చే నెల నుంచి లోడ్లు ఇస్తామన్నారు. ఇక లారీ ఒక్కటే తక్కువ.

“కంపెనీ బండైతే ఒళ్లు కాలిపోతున్నా ఎక్కాల్సిందే. సొంతదైతే నాకు నేనే యజమానిని. బాగాలేని రోజు ఆపేస్తా,” అని వారం రోజులుగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. ఆఖరికి పందెం వేసింది. “నువ్వే వచ్చి చూడమ్మా. ఒక్క లోపం పట్టుకో, కొనను. ఒట్టు.”

లోపాలు పట్టడం టైలరమ్మకు వెన్నతో పెట్టిన విద్య. ఆ ఒక్క మాట మీదే మిషను మీద గుడ్డ కప్పేసి బయల్దేరింది.

లారీ అమ్మే పెద్దాయన ఇల్లు గోదాముల వెనక సందులో ఉంది. ఇంటి పక్కనే రేకుల షెడ్డు, నేల మీద నల్లటి నూనె మరకలు, మూలన అరిగిన టైర్లు. షెడ్డులో నీలం లారీ. టైలరమ్మ తమ్ముడు మెకానిక్కు. అతను పొద్దున్నే వచ్చి ఇంజిను అంతా చూసి, చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

“అక్కా, బంగారం! ఇంజిను గడియారంలా ఉంది.”

“నీకేమన్నా ముట్టజెప్పారా?”

“అదిగో! సొంత తమ్ముణ్ణి కూడా నమ్మవు.”

“సొంత తమ్ముడివి కాబట్టే. చిన్నప్పుడు నా రబ్బరు బంతి మింగింది కుక్క కాదు, నువ్వే అమ్ముకున్నావని నాకిప్పటికీ అనుమానం.”

కూతురు పక్కకు తిరిగి నవ్వుకుంది.

పెద్దాయన గుమ్మం ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. “రామ్మా, చెల్లెమ్మా, చూసుకోండి,” అన్నాడే గానీ లేవలేదు. తాళాలు కూర్చున్న చోటి నుంచే కూతురి చేతికి విసిరాడు. అతని వెనక ద్వారబంధానికి ఆనుకుని భార్య నిలబడింది. పలకరిస్తే తలూపింది. నవ్వలేదు.

టైలరమ్మ ఒక్కొక్కటే మనసులో ముడేసుకుంది. సొంత బండి దగ్గరికి రాడేం? ఇంత ఉక్కలో కాళ్లకు మేజోళ్లేంటి? ఆవిడ కళ్లు అలా నేలకేసి ఉన్నాయేం?

లారీ చుట్టూ తిరిగింది. ఒళ్లంతా వెలిసిన నీలం, ముందు బంపరు దగ్గర మాత్రం కొత్త నీలం.

“ఇదేంటి, ఇక్కడొక్కచోటే రంగు? పైన పటారం, లోన లొటారం వ్యవహారమా?”

“అమ్ముకునేటప్పుడు ముఖం కడగరా చెల్లెమ్మా?” అన్నాడు పెద్దాయన, అడక్కముందే జవాబు సిద్ధంగా ఉన్నట్టు.

“ముఖం కడిగితే ముఖమంతా కడుగుతారు అన్నయ్యా. ఒక చెంపే కడగరు.”

“అక్కా, లోపల చాసిస్ చూశాను. వంకర లేదు,” అన్నాడు తమ్ముడు.

“కందకు లేని దురద నీకెందుకు? ఆయన్ని చెప్పనీ.”

పెద్దాయన గట్టిగా నవ్వాడు. ఆ నవ్వుకు కొలత కాస్త ఎక్కువైందనిపించింది ఆమెకు.

క్యాబిన్లోకి ఎక్కించమంది. కూతురు చెయ్యిచ్చి లాగింది. సీటు కవరు తడిమింది, కింద చెయ్యి పెట్టి చూసింది. మరక లేదు, అతుకు లేదు. డ్రైవరు సీట్లో అంచుకు జరిగి, కాలు చాపి ఒక్కో పెడలే తొక్కింది. క్లచ్చు మెత్తగా దిగింది. బ్రేకు మీద పాదం పెట్టి నొక్కగానే,

ఘల్లు.

మళ్లీ నొక్కింది. ఘల్లు. యాక్సిలరేటరు నొక్కింది. ఏ చప్పుడూ లేదు.

“ఏంటే ఇది?”

“ఏదో వదులైనట్టుంది. మామయ్య బిగిస్తాడులే.”

టైలరమ్మ వంగి, తల దాదాపు పెడలు దాకా పెట్టి చూసింది. బ్రేకు రబ్బరు అడుగు అంచుకు ఉసిరికాయంత మువ్వ. లావుపాటి దారంతో కుట్టి ఉంది. నాలుగు చుట్లు, మెడకు మరో మూడు చుట్లు, ముడి కనపడకుండా రబ్బరు చీలికలోకి తోసేసి ఉంది. మగవాడైతే ఇనప తీగ చుట్టి వదిలేసేవాడు. ఇది గుండీలు కుట్టే చేతి పని.

దొరికింది లోపం. అయినా ఆమెకు ఆనందం రాలేదు.

కిందికి దిగి నేరుగా గుమ్మం దగ్గరికి నడిచింది. పెద్దాయన నోరు తెరవబోయాడు. “అది దిష్టికి కట్టింది చెల్లెమ్మా, లారీవాళ్లకు ఇలాంటి పిచ్చి...”

“మిమ్మల్ని అడగట్లేదు అన్నయ్యా.” అతని వెనక నిలబడ్డ మనిషి వైపు చూసింది. “వదినా, ఆ మువ్వ కుట్టింది మీరేగా? ఎందుకు కుట్టారు?”

ఆవిడ భర్త వైపు చూసింది. పెద్దాయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. తమ్ముడు చేతిలోని గుడ్డ అటూ ఇటూ మడత పెట్టాడు.

“మా అమ్మాయి రేపు ఆ సీట్లో కూర్చుంటుంది వదినా,” అంది టైలరమ్మ. ఈసారి గొంతులో దెబ్బలాట లేదు.

ఆవిడ ముందుకొచ్చి వంగి, భర్త కుడికాలి మేజోడు లాగేసింది. బొటనవేలు లేదు. మిగతా పాదం మాడిన రొట్టెలా నల్లగా ఉంది.

“షుగరు,” అంది. “రెండేళ్ల నుంచి ఈ కాలికి స్పర్శ లేదు. నిప్పు మీద పెట్టినా తెలీదు. బ్రేకు మీద కాలుందో పక్కన ఉందో తెలియడం లేదన్నాడు. మువ్వ కుట్టి పెట్టవే, చెవితో తెలుసుకుంటానన్నాడు. కుట్టాను.”

“ఇంజిను మోతలో అది వినపడుతుందా?” తమ్ముడు నమ్మలేనట్టు అడిగాడు.

“ఆయనకు వినపడేది.”

“మరి ఆపెయ్యొచ్చుగా పెద్దాయనా?” అంది కూతురు.

పెద్దాయన ఆ పిల్ల వైపు తిరిగాడు. “సొంత బండి తల్లీ. ఎక్కమనేవాడు లేడు సరే, దిగమనేవాడు కూడా లేడు. ఈ ఒక్క లోడూ, ఈ ఒక్క లోడూ అనుకుంటూ రెండేళ్లు.”

“పోయిన నెల దారం తెగింది,” అంది భార్య. “మువ్వ మోగలేదు. గోదాము గోడకు గుద్దాడు. ఆ గోడ పక్కన రోజూ హమాలీలు కూర్చుని తింటారు. ఆ రోజు ఎందుకో నీడ కోసం అవతలికి జరిగారు. ఇంటికొచ్చి, మళ్లీ కుట్టవే, ఈసారి లావు దారం పెట్టు అన్నాడు.” ఆవిడ తన చేతులకేసి చూసుకుంది. “కుట్టాను చూడండి, మళ్లీ కుట్టాను. తెల్లారాక గానీ నేనేం చేశానో నాకు తెలీలేదు. తాళాలు పిండి డబ్బాలో దాచేశాను, మీరొస్తున్నారనే ఈ రోజు బయటికి తీశాను. అందుకే అమ్ముతున్నాం. బండికి ఏ రోగమూ లేదు.”

పెద్దాయన మేజోడు తొడుక్కోవడానికి వంగాడు, అందలేదు. ఆవిడే తొడిగింది.

నలుగురూ షెడ్డులోకి వచ్చారు, ఆవిడతో సహా. పెద్దాయన ఒక్కడే కుర్చీలో ఉండిపోయాడు.

“చెప్పమ్మా,” అంది కూతురు. “కొననా, మాననా? లోపం పట్టావుగా. ఒట్టంటే ఒట్టే. నువ్వు వద్దంటే ఇక్కణ్ణుంచే ఇంటికి పోదాం.”

వద్దు అనే మాట పొద్దుటి నుంచి టైలరమ్మ నాలుక చివరే ఉంది. అనడమే తరువాయి. కానీ పట్టుకున్న లోపం బండిది కాదాయె. పోనీ మువ్వ కుట్టిన మనిషిదందామా అంటే, ఆ కుట్టు కళ్ల ముందు నుంచి పోవడం లేదు. అంత నీటుగా, అంత ప్రేమగా కుట్టిన కుట్టు తాను కూడా కుట్టగలదు. కూతురు కాళ్లా వేళ్లా పడితే, ఈ ఒక్కసారికే అమ్మా అంటే, దారం ఎక్కించి సూది పట్టుకునే రకమే తాను. ఆ సంగతి తనకు కాక ఇంకెవరికి తెలుసు?

“అక్కా, బండి వేడెక్కి ఆగిపోయినట్టు నువ్వలా అయిపోయావేంటి,” అన్నాడు తమ్ముడు.

కూతురు బానెట్టు మీద చెయ్యి వేసి నిలబడింది. రెండోసారి అడగలేదు. మిట్టమధ్యాహ్నపు ఎండ షెడ్డు అంచు నుంచి టైరు దాకా పాకింది. టైలరమ్మ సంచిలో చెయ్యి పెట్టి, ఎప్పుడూ వెంట ఉండే చిన్న కత్తెర తీసింది. ఎవరి చెయ్యీ అడక్కుండా, మెట్టు పట్టుకుని క్యాబిన్లోకి ఎక్కింది. లోపల ఒకసారి ఘల్లుమంది. మళ్లీ చప్పుడు లేదు.

కిందికి దిగి, మువ్వను పెద్దాయన భార్య అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది. అప్పుడు కూతురి వైపు తిరిగింది.

“తీసుకో,” అంది. “కానీ రెండో తాళంచెవి నా దగ్గరుంటుంది. ఎప్పుడైనా కాళ్లు పట్టుకుని మువ్వ కుట్టిపెట్టమ్మా అన్నావో, కుట్టను. నీ తాళం కూడా లాక్కుంటాను.”