కారుకి ఎడమ చెయ్యి ఏది?

ఆయన ప్రూఫ్ రీడరు. ముప్పై ఏళ్లుగా అచ్చాఫీసులో కూర్చుని, ఎర్ర కలంతో ఊరందరి తప్పులూ దిద్దుతున్నాడు. శుభలేఖల దగ్గర్నుంచి మందు సీసాకి అంటించే కాగితం దాకా ఆయన కంటి కింద నుంచి పోవాల్సిందే. ఆ ఉద్యోగంలో ఒక చిక్కుంది. పొద్దస్తమానం ఎదుటివాళ్ల తప్పులు పట్టేవాడికి, తనకీ ఒక తప్పు ఉండొచ్చునన్న ఊహే రాదు. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. నాలుగో కాలు చూపిస్తే అది అచ్చుతప్పంటాడు.

భార్య దర్జీ. వాళ్లుండే ఏటవాలు వీధికి కింది చివర ఆమె కుట్టు దుకాణం. దాని ముందు బట్టలు తొడిగే చెక్క బొమ్మ ఒకటి ఉంటుంది. దానికి ఒకటే చెయ్యి. రెండోది పోయిన నెల ఈయన కారే విరగ్గొట్టింది. వీధి దిగుతూ బ్రేకు నొక్కాడు. కారు ఆగింది, ఆగలేదనడానికి లేదు. కాకపోతే ఈయన ఆగమన్న చోట కాకుండా, దానికి ఆగాలనిపించిన చోట ఆగింది. బొమ్మ వెల్లకిలా పడింది, చెయ్యి వెళ్లి మురిక్కాలవలో పడింది. అప్పుడు భార్య పక్క సీట్లోనే ఉంది.

"ఏమీ కాలేదు," అన్నాడు ఈయన.

"నాకు భయమేసిందండీ."

"భయమెందుకు? ఏమీ కాలేదుగా!"

ఆమె దిగి, చెయ్యి ఏరుకుని లోపల పెట్టింది. బొమ్మని మాత్రం బాగుచేయించలేదు. ఒంటి చేత్తోనే దుకాణం ముందు నిలబెట్టింది, రోజూ ఆఫీసుకి వెళ్తూ ఈయన దాన్ని దాటాలి కదా మరి. ఆ రోజు నుంచి కారెక్కలేదు.

అసలు ఎక్కిన రోజుల్లో మాత్రం సుఖంగా కూర్చుందా? ఆమె కాళ్ల కింద రబ్బరు పట్టా ఒక్కచోట అరిగి చిల్లు పడింది. మలుపు వచ్చినప్పుడల్లా, ఎదురుగా ఏదైనా కనబడినప్పుడల్లా ఆమె కుడికాలితో అక్కడ లేని బ్రేకు నొక్కేది. ఆ చిల్లుని చూసి ఈయన, "పట్టా నాసిరకం," అనేవాడు.

ఇంతలో ఆమె తమ్ముడి కూతురి పెళ్లి వచ్చింది. ఆదివారం, కొండ అవతల. పెళ్లికూతురు తొడుక్కునే జాకెట్టు కుట్టేది మేనత్తే. కబురు తెలియగానే ఆమె అక్కమొగుడు, అంటే ఈయనగారి తోడల్లుడు, ఫోన్ చేశాడు. కొత్తగా పెద్ద కారు కొన్నాడు ఆయన. కొన్నప్పటి నుంచి ఎవరెక్కడికి వెళ్లాలన్నా దింపుతానంటున్నాడు.

"తమ్ముడూ, నీ బండి కొండ దిగదటగా! మరదల్ని నేను తీసుకెళ్తాలే. నువ్వు మెల్లగా బస్సులో రా."

ఆ "మెల్లగా" అన్న మాట ఈయన గుండెలో ముల్లులా దిగింది. పెళ్లి పందిట్లోకి తన భార్య తోడల్లుడి కారులోంచి దిగడం, అరగంట తర్వాత తను బస్సు దిగి చెమట తుడుచుకుంటూ రావడం కళ్లకు కట్టింది. భార్యనడిగితే, "చూద్దాం," అంది. ఆమె "చూద్దాం" అంటే దాదాపు వాళ్లతో వెళ్లిపోయినట్టే.

మర్నాడు కారు తీసుకెళ్తే గ్యారేజీవాడు చక్రం విప్పి చూసి, చక్రంతో తిరిగే డిస్కుని పట్టి ఆపే ముందు బ్రేకు క్యాలిపర్లు చిన్నవన్నాడు, వాటికి ఏటవాలు వీధి ఎక్కువన్నాడు, కొత్త పెద్దవి వేయించుకోమన్నాడు. వాడు చెప్పిన ధరకి ఆ కారునే ఇంకోసారి కొనుక్కోవచ్చు. అందుకని ప్రూఫ్ రీడరు పాత కార్లు విప్పి అమ్మే కొట్టుకి వెళ్లాడు. అక్కడి ముసలాయన మాత్రం ఒక్క చూపులో సంగతి తేల్చేశాడు.

"మీ కంపెనీదే పెద్ద కారు ఒకటి వచ్చింది నా దగ్గరికి. దాని క్యాలిపర్లు మీ దానికి సరిగ్గా కూర్చుంటాయి, బోల్టులు కూడా మార్చక్కర్లేదు. పెద్ద డిస్కులు కూడా పట్టుకుపోండి. లోపలి రబ్బర్లూ ప్యాడ్లూ మటుకు కొత్తవి వేసుకోండి, అక్కడ పిసినారితనం పనికిరాదు."

"ఇంత లావున్నాయి, చక్రంలో పడతాయా?"

"అట్ట కోసుకుని చూసుకోండి."

ఈయన అట్ట మీద క్యాలిపర్ అంచు గీసుకొచ్చి, ఇంట్లో చేతికందిన కత్తెరతో కోసి, చక్రంలో పెట్టి చూశాడు. పడింది. చేతికందిన కత్తెర భార్యది. దర్జీ ఇంట్లో బట్ట కత్తెరతో అట్ట కోయడమంటే క్షమించేవాళ్లుండరు. సాయంత్రం ఆమె, "కత్తెర మొద్దుబారిందేమిటండీ?" అనడిగింది.

"ఏమో. పాతబడింది కదా," అన్నాడు.

కొట్టు ముసలాయన ఒక్కో క్యాలిపర్ మీద తెల్ల రంగుతో "ఎడమ" అనీ "కుడి" అనీ రాసిచ్చాడు. శుక్రవారం ఈయన సెలవు పెట్టి, వాకిట్లో కారుని జాకీ మీద లేపి, ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పక్కన కారుతో వచ్చిన పుస్తకం. ఒకసారి పుస్తకంలో బొమ్మ చూశాడు, ఒకసారి కారుని చూశాడు, ఇంకోసారి తన చేతులు చూసుకున్నాడు. తన కుడిచేతి వైపు చక్రాన్ని పుస్తకం ఎడమ అంటోంది. ఈయన జాలిగా నవ్వుకున్నాడు. ఒకడు తప్పు అచ్చేస్తే పట్టేవాడు లేకపోయాడు, లోకం తీరే అంత! జేబులోంచి ఎర్ర కలం తీసి పుస్తకంలో ఎడమని కుడి చేశాడు, కుడిని ఎడమ చేశాడు. తర్వాత చక్రాల చోట ఇనుము మీద కూడా తన లెక్క ప్రకారం "కుడి", "ఎడమ" అని ఎర్రగా రాసి, ముసలాయన రాతలు చూసి ఏ క్యాలిపర్‌ని ఆ వైపు పెట్టాడు. ఇనుము మీద ప్రూఫు దిద్దిన మొదటి మనిషి బహుశా ఆయనే.

బిగించడం బాగానే జరిగింది. బ్రేకు గొట్టం మాత్రం కాస్త మెలితిరిగింది. దాన్ని లాగి, బుజ్జగించి, ఎలాగో సర్దేశాడు. ఇక గొట్టాల్లో గాలి తీసెయ్యాలి. దానికి ఇద్దరు కావాలి. ఒకరు లోపల పెడల్ నొక్కిపట్టాలి, ఒకరు క్యాలిపర్ మీదున్న చిన్న నిపుల్ వదులు చేస్తే, బ్రేకు ఆయిలుతో పాటు గాలి బుడగలు బయటికొస్తాయి.

"కారెక్కనన్నాను కదా," అంది భార్య.

"ఎక్కడికీ పోదు. చక్రాలే లేవు!"

ఆమె ఎక్కి కూర్చుంది.

"నొక్కు. పట్టుకో. వదులు. నొక్కు. పట్టుకో..."

శుక్రవారం సాయంత్రమంతా నొక్కింది. శనివారం దుకాణం మూసొచ్చి మళ్లీ నొక్కింది. సీసాడు ఆయిలు అయిపోయింది, ఇంకో సీసా తెచ్చాడు.

"ఇంకా మెత్తగానే ఉందండీ. దూది మీద కాలేసినట్టుంది."

"కొత్తది కదా, అలాగే ఉంటుంది. నీ కాలికేం తెలుసు?"

అనకూడని మాట అది. ముప్పై ఏళ్లు కుట్టుమిషను తొక్కిన కాలు అది. బెల్టు వెంట్రుకవాసి వదులైనా పాదంతోనే పసిగడుతుంది. ఆమె పెడల్ మీద నుంచి కాలు తీసేసింది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

"మరదలా, రేపు పొద్దున ఏడింటికి వచ్చెయ్యనా?" తోడల్లుడి గొంతు వాకిలంతా వినబడింది.

ఆమె మొగుడి వైపు చూసింది. మోచేతుల దాకా నల్లటి మడ్డి, ముక్కు మీద ఆయిలు చుక్క, నేల మీద చతికిలబడి ఉన్నాడు. "ఒక్క గంటలో చెప్తాను బావగారూ," అని పెట్టేసింది.

తర్వాత చీర కుచ్చిళ్లు ఎగదోపి, చక్రం ఉండాల్సిన చోట గొంతుక్కూర్చుంది. మిషను ముందు కూర్చున్నప్పటి చూపు అది. వేలితో గొట్టాన్ని తడిమింది.

"ఇదెందుకిలా మెలిపడింది? చంకలో పట్టేసిన జాకెట్టులా ఉంది."

"కాస్త పొట్టి గొట్టం."

"గాలి వచ్చేది దీన్లోంచేనా?" నిపుల్ చూపించింది. అది క్యాలిపర్‌కి అడుగున ఉంది.

"అవును."

"గాలి పైకి పోతుంది కదండీ. కిందనుంచి ఎలా వస్తుంది?"

ప్రూఫ్ రీడరు వంగి నిపుల్ వైపు చూశాడు.

ఆమె లోపలికి వెళ్లి పెళ్లికూతురి జాకెట్టు తెచ్చింది. ఒక్క గుండీలు తప్ప అంతా అయిపోయింది. దాన్ని ఆయనకెదురుగా ఎత్తి పట్టుకుంది. "దీని ఎడమ చెయ్యి ఏది?"

ఆయన తన ఎడమచేతి వైపున్నది చూపించాడు.

"అనుకున్నాను. కొత్తగా పనికి కుదిరినవాళ్లంతా ఇదే చేస్తారు. ఎడమచెయ్యి తీసుకెళ్లి కుడిచంకలో పెట్టి కుట్టేస్తారు. కుట్టడానికి సుఖంగానే వస్తుంది, తొడుక్కుంటే చెయ్యి వెనక్కి తిరుగుతుంది. ఎడమా కుడీ తొడుక్కున్నవాళ్లవండీ. ఎదురుగా నిలబడి చూసేవాళ్లవి కావు."

ఆయన కారు వైపు చూశాడు. కారు తన వైపే చూస్తోంది. లేచి, దానికి వీపు పెట్టి, అది చూసేవైపే తనూ చూస్తూ నిలబడ్డాడు. నెమ్మదిగా కుడిచెయ్యి ఎత్తాడు. అది ఇందాక తను ఎడమ అన్న చక్రం వైపు లేచింది. తర్వాత వంగి పుస్తకం తీసి, తన ఎర్ర సిరా దిద్దుబాట్లు చూసుకున్నాడు. ఎంత అందంగా దిద్దాడు! ముప్పై ఏళ్లలో మొదటిసారి ఎర్ర సిరా చూసి ఆయనకే సిగ్గేసింది.

"పుస్తకం తప్పు కాదు," అన్నాడు. "ముసలాయనదీ కాదు. తప్పు నాది."

ఆమె జాకెట్టు కిందికి దించింది.

"కత్తెరతో అట్ట కోసింది కూడా నేనే."

"తెలుసు. అట్టపొడి కత్తెరకే అంటుకుంది."

"బొమ్మ చెయ్యి విరిగిన రోజు నాకూ భయమేసింది." ఈ మాట నేల చూస్తూ అన్నాడు. "ఏమీ కాలేదని నీకు చెప్పాను కానీ, నిజానికి నాకు నేనే చెప్పుకున్నాను."

ఆమె జాకెట్టు ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. "నేను కారెక్కనన్నది బ్రేకులు బాగోలేవని కాదండీ. ఇనుమన్నాక అరుగుతుంది. భయమేస్తోందని నేనంటే, లేదని మీరన్నారు. భయం నాదైతే, ఉందో లేదో మీరెలా చెప్తారు?"

ఆయన చెయ్యి లుంగీకి తుడుచుకుని, ఫోన్ అడిగి తీసుకుని, తోడల్లుడికి తనే చేశాడు. "అన్నయ్యా, బ్రేకులు తిరగేసి బిగించాను. నీ మరదలు పట్టుకుంది. ఇప్పుడు మారుస్తున్నాను. పొద్దున్నే వీధిలో నేనొక్కణ్ణే నడిపి చూస్తాను. నమ్మకం కుదరకపోతే ఇద్దరం నీ కారులోనే వస్తాం."

తోడల్లుడు జీవితంలో దేనికైనా సిద్ధపడ్డాడేమో కానీ ఈ మాటకి కాదు. "సరే తమ్ముడూ," అన్నాడు చివరికి. ఈసారి ఆయన మాట ముల్లులా గుచ్చుకోలేదు.

ఆ సాయంత్రమే ఎడమది ఎడమకి, కుడిది కుడికి చేరాయి. గొట్టం మెలిక దానంతటదే విడిపోయింది. నిపుల్ పైకొచ్చింది. ఆమె నాలుగుసార్లు నొక్కేసరికి బుడగలు బుసబుసమంటూ వచ్చాయి. "ఇప్పుడు రాయిలా ఉంది," అంది ఆమె, పాదంతో ఇంకోసారి తొక్కి చూసి. ఈసారి ఆ కాలి మాటకి ఆయన ఎదురు చెప్పలేదు.

తెల్లారగానే ఒక్కడే ఆరుసార్లు ఏటవాలు వీధి దిగాడు, మొదట నత్తనడకన, తర్వాత మామూలుగా. ఆరుసార్లూ ఒంటిచేతి బొమ్మకి బారెడు దూరంలో, ఆగమన్నచోటే ఆగాడు. ఆమె దుకాణం గడపలో నిలబడి చూసింది. ఆరోసారి ఆగినప్పుడు వచ్చి తలుపు తీసి ఎక్కింది.

"గుండీలు మిగిలిపోయాయి. దారిలో కుడతాను."

"కారులోనా? సూదిలో దారం ఎక్కించడానికే కుదరదనేదానివిగా?"

"అనేదాన్ని."

కారు కొండ ఎక్కింది. దిగడం మొదలయ్యాక ఆయన చెవులు రిక్కించి, పక్కనుంచి పట్టా మీద కాలు తపతపలాడే చప్పుడు కోసం ఎదురుచూశాడు. అది వినబడలేదు. ఒకటో మలుపు, రెండో మలుపు. పక్కకి చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది, చూస్తే రోడ్డు మీంచి చూపు తప్పుతుంది. కొండ కింద ఎర్ర లైటు పడింది. బ్రేకు నొక్కాడు. కారు గీతకి ముందే, మెత్తగా, మర్యాదగా ఆగింది.

అప్పుడు చూశాడు. ఆమె చెప్పులు విడిచి, కాళ్లు రెండూ సీటు మీదకి తీసుకుని, బాసింపట్టు వేసుకుని కూర్చుంది. చిల్లుపడ్డ పట్టా మీద చెప్పులు మాత్రమే ఉన్నాయి. ఒళ్లోని జాకెట్టుకి నాలుగు గుండీలు అప్పటికే కుట్టేసింది. అయిదోదాని కోసం సూదిని కంటికి దగ్గరగా పట్టుకుని, ఒక్క ప్రయత్నంలో దారం ఎక్కించేసింది.

ఆయన అలా చూస్తూ ఉండిపోయాడు. వెనక ఎవరో హారన్ కొట్టారు.

"పోనివ్వండి," అంది ఆమె తలెత్తకుండానే, "లైటు మారింది."