రెండు వేల మూడు వందల పదహారు ఓట్లు

టికెట్ వచ్చిందన్న మాట చెవిన పడేసరికి నా చేతిలో అట్లకాడ ఉంది, పెనం మీద ముప్పై ఏడో పెసరట్టు ఉంది. ముప్పై ఏడు అని ఎలా తెలుసంటే, లెక్కపెడుతున్నాను కాబట్టి. అంకెలంటే నాకు ఇష్టం, ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివాను. పెళ్లయి నలభై రోజులైంది. ఆ నలభై రోజుల్లో అట్టు విరక్కుండా తిరగేయడం కూడా వచ్చేసిందని లోపల్లోపల మురిసిపోతున్నాను. ఇంతలో హాల్లో ఈలలు వినిపించాయి. ఎవరో బల్ల మీద చరిచారు. మా ఆయన శ్రీనివాసరాజు వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి, పక్కనే వాళ్ల అమ్మగారున్నారని కూడా చూసుకోకుండా నా బుగ్గలు రెండూ పట్టుకుని, "వచ్చేసిందండి! చివరి లిస్టులో నాన్నగారి పేరుందండి!" అన్నారు. భీమవరం చుట్టుపక్కల మా ఇళ్లల్లో భార్యని కూడా అండి అనే అంటారు. తిట్టేటప్పుడు కూడా అండి మానరు. అదంతా నాకు పుట్టింటి నుంచీ అలవాటే, ముద్దుగానే ఉంటుంది. ఆయన వేళ్లకి పూతరేకుల పొడి అంటుకుని ఉంది, నా బుగ్గల మీద కూడా పడింది. తుడుచుకోబుద్ధి కాలేదు.

అత్తయ్యగారు సుభద్రమ్మ మాత్రం, "పెనం మాడుతోంది కీర్తీ" అన్నారు, అంతే.

మా మావయ్యగారు గోపాలకృష్ణంరాజు గారు ఎమ్మెల్యే. మొదటి రెండు లిస్టుల్లో పేరు రాకపోతే వారం రోజులు ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. అలాంటిది ఇప్పుడు ఒక్కసారిగా ఇంటినిండా జనం. ఎల్లుండే నామినేషన్. మా ఆయన నన్ను వంటింట్లోంచి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి, "కరపత్రం వెనక నాన్నగారి రాజకీయ ప్రస్థానం వెయ్యాలండి. ఏ ఏడు ఎన్ని ఓట్లు, ఎంత మెజారిటీ, అన్నీ ఒక్క పేజీలో. సాయంత్రానికి కావాలి. మా ఇంట్లో ఎమ్మెస్సీ మీరేగా" అన్నారు. నాకు రెక్కలొచ్చినట్టయింది. ఈ ఇంట్లో పిండి తడి లేని చేతులతో నన్ను ఒక పని చెయ్యమన్నది అదే మొదటిసారి. అత్తయ్యగారి చేతికి అట్లకాడ ఇచ్చి వచ్చేశాను. ఇంకా ఎంతమంది తినాలో వెనక్కి తిరిగి లెక్క చూడలేదు. లెక్కలు ఇష్టమన్నదాన్ని, ఆ లెక్క మాత్రం వదిలేశాను.

భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని గీతలు గీశాను. తొంభై తొమ్మిదిలో తొలి గెలుపు. రెండు వేల నాలుగులో మెజారిటీ రెట్టింపు. తొమ్మిదిలో పార్టీ మారారు, ఓడిపోయారు. పధ్నాలుగులో మళ్లీ గెలుపు, పంతొమ్మిదిలో ఇంకో గెలుపు. అయిదుసార్లలో నాలుగు. ఎంత అందమైన పట్టిక! ఆ ఒక్క ఓటమి ఎంత తేడాతోనో చూద్దామని ఎన్నికల సంఘం వాళ్ల ఫైలు దించుకున్నాను. ఎనిమిది వందల అరవై రెండు ఓట్ల తేడా. పేర్లు చూసుకుంటూ కిందికి వెళ్తుంటే నాలుగో వరుసలో ఉంది మా ఇంటి పేరు. ఆ పక్కన సుభద్రమ్మ, స్వతంత్ర అభ్యర్థి, గుర్తు కొబ్బరికాయ, రెండు వేల మూడు వందల పదహారు ఓట్లు.

నేను కుర్చీలోంచి ఎగిరి, లాప్‌టాప్ రెండు చేతులా పట్టుకుని, అరవై మంది ఉన్న హాల్లోకి వెళ్లి, "మావయ్యగారూ, మిమ్మల్ని ఓడించింది అత్తయ్యగారా!" అని అరిచాను.

మావయ్యగారే ముందు నవ్వారు. ఆయన నవ్వాక అందరూ నవ్వారు.

"మా కోడలుగారు కనిపెట్టేశారండి" అన్నారాయన. "ఆ ఏడు నాకు ఇద్దరు ప్రత్యర్థులండి. ఒకాయన అవతలి పార్టీలో, ఒకావిడ మా వంటింట్లో. మన నామినేషన్ ఎక్కడైనా కొట్టేస్తే చేతిలో ఇంకోటి ఉండాలని ప్రతిసారీ ఆవిడ చేత డమ్మీ వేయిస్తాం. తర్వాత విత్‌డ్రా చేయిస్తాం. ఆ ఏడు విత్‌డ్రాకి కారు పంపితే ఆవిడ భోంచేసి పడుకున్నారండి! మర్చిపోయారంట!"

"ఆ నిద్ర ఖరీదు అయిదేళ్లండి" అని ఎవరో అందుకున్నారు.

"రెండు వేల చిల్లర వచ్చాయి కదండి మరి" అన్నాను నేను ఇంకా నవ్వుతూనే.

"అవి ఆవిడకేసిన ఓట్లు కాదమ్మా, కొబ్బరికాయకేసినవి. కోనసీమ పక్కన పెట్టుకుని కొబ్బరికాయ గుర్తు ఇస్తే వెయ్యరా!" అన్నారు మావయ్యగారు.

మళ్లీ నవ్వులు. అత్తయ్యగారు కాఫీ కప్పుల పళ్లెంతో హాల్లోనే ఉన్నారు. ఒక్కొక్కరి ముందూ వంగి, "తీసుకోండి" అంటున్నారు. నవ్వుతున్నవాళ్లకి కూడా అలాగే వంగి ఇచ్చారు. నేను చూశాను. చూసి కూడా లాప్‌టాప్‌లోని ఆ నాలుగో వరుసని ఫొటో తీసి, 'మా మావయ్యగారి ఏకైక ఓటమికి కారణం మా అత్తయ్యగారే' అని రాసి, కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వే బొమ్మలు నాలుగు పెట్టి నా వాట్సాప్ స్టేటస్‌లో వేశాను. నేను చెప్పిన మాటకి అరవై మంది మగవాళ్లు నవ్వడం నా జన్మలో అదే మొదలు. ఆ సంబరం ఇంకా వదల్లేదు నన్ను.

ఆ సంబరం మీదే ఇంకోటి వచ్చి పడింది. "ఈసారి డమ్మీ మా కోడలుగారేనండి. చదువుకున్నారు, తారీఖులు గుర్తుంటాయి" అన్నారు మావయ్యగారు. మా ఆయన నాకేసి చూసి కన్నుగీటారు. నా పేరు పేపర్లో వస్తుంది, అభ్యర్థి కీర్తిప్రియ అని! మా అమ్మకి ఫోన్ చేసి చెప్పాలనిపించింది.

మధ్యాహ్నం రెండింటికి మావయ్యగారి పీఏ గణేష్‌బాబు ఒక ఫైలు తెచ్చాడు. అందులో రెండు కాగితాలు. ఒకటి నామినేషన్. రెండోది విత్‌డ్రా ఫారం. "రెండు సంతకాలూ ఇప్పుడే పెట్టేయండమ్మగారండి. ఆ ఏడు దెబ్బ తిన్నాక మేం ఇలాగే చేస్తున్నాం" అన్నాడు. నిలబడతానని ఒక సంతకం, నిలబడనని ఒక సంతకం. ఒకే పెన్నుతో, నిమిషం తేడాతో పెట్టేశాను. నా సంతకం కింద గీత కొంచెం వంకర పోయింది, అదొక్కటే బాధపడ్డాను. ఫైలు తీసుకుని పెరటి వసారాలోకి వెళ్లాను, అత్తయ్యగారికి చూపిద్దామని.

ఆవిడ రాత్రి వంటకి చిక్కుళ్లు ఈనెలు తీస్తున్నారు. చేతులు తుడుచుకుని కాగితం అందుకున్నారు. నా పేరు చూడలేదు. వెనక పేజీ తిప్పారు. స్వతంత్రులకి పదిమంది ఓటర్లు ప్రతిపాదించాలి, ఆ పది సంతకాలున్నాయక్కడ. గణేష్‌బాబు ముందే పెట్టించి తెచ్చాడు. నేను ఆ పేజీ తెరవనైనా లేదు.

"మరిడమ్మ ఇంకా 'డ' కింద అలాగే చుక్క పెడుతోంది" అన్నారు అత్తయ్యగారు.

"ఎవరండి ఈవిడ?"

"మన రొయ్యల షెడ్డులో తలకాయలు తీస్తది. ఈ పదిమందీ షెడ్డు వాళ్లే. అప్పుడు నాకూ వీళ్లే పెట్టారు. ఇద్దరు పోయారు, వాళ్ల కోడళ్లు పెట్టినట్టున్నారు ఇప్పుడు."

"మీరు ఆ రోజు నిజంగానే మర్చిపోయారా అత్తయ్యగారూ?" అన్నాను. అప్పటికీ నా గొంతులో పొద్దుటి నవ్వు కొంచెం మిగిలే ఉంది.

ఆవిడ చిక్కుడుకాయ చేతిలోకి తీసుకున్నారు గానీ ఒలవలేదు.

"నామినేషన్ వేసిన మర్నాడు ఈ మరిడమ్మ ఇంకో నలుగుర్ని వెంటేసుకుని ఇదిగో ఈ పెరటి గుమ్మంలోకి వచ్చింది. షెడ్డు నుంచి నేరుగా వచ్చేశారు, చేతులు కూడా సరిగా కడుక్కోలేదు. 'అమ్మగారండి, మీకు ఏ గుర్తు ఇస్తారండి? మా పేటలో చెప్పాలి కదండి' అంది. డ్వాక్రా కోసం నేర్చుకున్న సంతకం దానిది. మొదటిసారి ఇంకో పనికి వాడిందంట, ఎంత సంబరంగా చెప్పిందో. అదంతా ఉత్తిదే పొండే అని నోటి దాకా వచ్చింది నాకు. ఇంతలో అది అంది, 'షెడ్డు దగ్గర మాకు మరుగుదొడ్డి లేదండి. పొద్దున్న వెళ్తే చీకటి పడేదాకా నీళ్లు తాగమండి. మీరు గెలిస్తే అడుగుతారు కదండి' అని."

"షెడ్డు మనదే కదండీ?"

"మనదే. మా ఆయన్ని ఆ మాట అడగాలంటే నేను ఎమ్మెల్యే అవ్వాలనుకున్నారు వాళ్లు. తప్పేముంది? పదేళ్లు ఆయన పక్కనే ఉండి నేను అడగలేదుగా."

తర్వాతది ఆవిడ చాలా మామూలుగా చెప్పారు. విత్‌డ్రా రోజు కారొచ్చిందట. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడట. తలనొప్పి, పడుకున్నానని చెప్పించి గదిలో గోడకేసి తిరిగి పడుకున్నారట. గడియారం మూడు కొట్టి, విత్‌డ్రా గడువు దాటాక లేచారట. "నిద్ర పట్టిందా?" అని మావయ్యగారు అడిగితే, "మర్చిపోయానండి" అన్నారట.

"నిజం ఎందుకు చెప్పలేదు?"

"మతిమరుపుదాన్నయితే ఇంట్లో ఉంచుకుంటారు కదా కీర్తీ" అన్నారావిడ.

"ఇప్పుడు కట్టారా మరి? షెడ్డులో?"

"కట్టారు. తలుపు పెట్టలేదు."

ఫోన్ తీసి స్టేటస్ చెరిపేశాను. అప్పటికే నూట నలభై మూడు మంది చూశారు. మా అమ్మ నవ్వింది. నా క్లాసు వాళ్లు నవ్వారు. చెరిపేస్తే ఏం లాభం? కాఫీ కప్పు అందిస్తూ వంగిన మనిషిని అరవై మంది ముందు నేను మళ్లీ ఓడించాను. పదిహేనేళ్లుగా వాళ్లు వేస్తున్న జోకుకి పొద్దున్న నేను ప్రూఫ్ కూడా చూపించాను. అంకెలు చదవడం వచ్చని గర్వపడ్డానే, ఒక్క కరపత్రం లేకుండా, ఒక్క మైకు లేకుండా, అభ్యర్థి గడప దాటకుండా రెండు వేల మూడు వందల పదహారు మంది ఎలా వచ్చారని ఒక్క క్షణమైనా ఆలోచించానా? మరిడమ్మ లాంటివాళ్లు పని దిగాక ఇల్లిల్లూ తిరిగి ఉంటారు. కాళ్లు పీకుతుండగా తిరిగి ఉంటారు. దాన్ని కొబ్బరికాయ అంటే నేనూ నవ్వాను. అంతకన్నా సిగ్గనిపించింది ఇంకొకటి. ఆ పది పేర్లు నా కాగితం వెనకే ఉన్నాయి, నేను పేజీ తిప్పలేదు. వాళ్లు నన్ను నమ్మి పెట్టిన సంతకం ఇంకా ఆరకముందే, నమ్మొద్దని నేను ఇంకో కాగితం మీద పెట్టేశాను. నా గీత వంకర పోయిందని బాధపడ్డాను. ముఖం కడుక్కుంటే బుగ్గల మీది పొడి జిగటగా తగిలింది. చాలాసేపు రుద్దాను.

సాయంత్రం ఆరింటికి మావయ్యగారు వరండాలో కూర్చున్నారు. జనం పల్చబడ్డారు. మా ఆయన, గణేష్‌బాబు పక్కన ఉన్నారు. అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి తువ్వాలు మడతపెడుతున్నారు.

"ప్రస్థానం అయిందా కోడలుగారూ?"

పేజీ ఇచ్చాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని వేలు కిందికి జరుపుతూ వచ్చి రెండు వేల తొమ్మిది దగ్గర ఆగిపోయారు. అక్కడ ఆయన ఓట్లు, గెలిచినాయన ఓట్లు రాసి, కింద అత్తయ్యగారి పేరూ ఓట్లూ కూడా రాశాను.

"ఇది తీసెయ్యండమ్మా. నవ్వుతారు."

"పొద్దున్నే నవ్వారండి. నేనే నవ్వించాను." అత్తయ్యగారి వైపు చూడాలని ఉంది గానీ తల ఎత్తలేకపోయాను. "అత్తయ్యగారూ, ఆ మాట అన్నందుకు నాకు సిగ్గుగా ఉందండి" అన్నాను నేలకేసి చూస్తూ. తువ్వాలు మడత చప్పుడు ఆగింది.

"ఏంటండి కీర్తిగారూ, సరదాకి అన్నదానికి ఇప్పుడు..." అన్నారు మా ఆయన.

"గణేష్‌బాబు గారి ఫైలు నా దగ్గరే ఉందండి" అన్నాను. "రేపు పొద్దున్న ఎనిమిదింటికి నేను షెడ్డుకి వెళ్తున్నాను. ఆ పదిమందికీ నా రెండు కాగితాలూ చూపిస్తాను. ఇది వేస్తానని, ఇది వెనక్కి తీసుకుంటానని చదివి వినిపిస్తాను. అది విన్నాక సంతకం వద్దంటే కొట్టేస్తాను. డమ్మీగానే వెళ్లమంటే అలాగే వెళ్తాను. నిలబడమంటే మాత్రం..."

"మాత్రం?" అన్నారు మావయ్యగారు. ఈసారి అండి లేదు.

"రెండోది అక్కడే చించేసి వస్తానండి."

గణేష్‌బాబు నేలకేసి చూశాడు. మా ఆయన నా ముఖంలోకి ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూస్తున్నారు.

అత్తయ్యగారు తువ్వాలు కుర్చీ మీద పెట్టి ఒక అడుగు వరండాలోకి వచ్చారు.

"ఎనిమిదింటికి వాళ్లు రొయ్యల ఐసులో చేతులు పెట్టేసి ఉంటారు, వాళ్లని తల ఎత్తనివ్వరు. రేపు ఏడింటికల్లా వెళ్దాం" అన్నారు.