వంటల బీరువాలో ఒక నవల

నేను ఒక నవలను. ఈ మాట మొదటే గట్టిగా చెప్పుకోవలసి రావడం నా ఖర్మ. నా పేరు 'చింతతొక్కు'. ఒక్క జాడీ తొక్కు పంచుకునే దగ్గర మాట పట్టింపు వచ్చి, అక్కాచెల్లెళ్లిద్దరూ ఇరవై ఏళ్లు మాట్లాడుకోకుండా ఉండిపోయిన కథ నాది. నూట తొంభై రెండు పేజీల్లో తొక్కు ఎలా నూరాలో ఎక్కడా లేదు. ఉంటుందని మీరు అనుకుంటే మీరూ ఆ బాపతే.

బెజవాడలో ఒక ప్రెస్సులో పుట్టాను. నా ఒంటి మీది కొత్త సిరా వాసన ఇప్పటికీ తలుచుకుంటాను, ఆ తర్వాత తగిలిన వాసనల్లో తలుచుకోదగ్గది ఒక్కటీ లేదు గనుక. బైండింగు చేసినవాడు నోట్లో ఖైనీ కుక్కుకుని, మైదా జిగురు చేత్తోనే పూసి, ఆ చేత్తోనే ముక్కు తుడుచుకుని, మళ్లీ నన్ను పట్టుకున్నాడు. మనిషి చెయ్యి ఎలా ఉంటుందో నాకు మొదట తెలిసింది అలా. నన్ను రాసినాయన మాత్రం గుండెకు హత్తుకుని "నా తల్లే" అన్నాడు. ఆ మర్నాడే మా అందరినీ కట్టలు కట్టి అటక ఎక్కించి మరిచిపోయాడు. చెదలు తినగా మిగిలినవాళ్లం తలో దిక్కుకూ పోయాం. నేను కొలనుపాలెం శాఖా గ్రంథాలయానికి చేరాను.

అక్కడి లైబ్రేరియన్ పేరు కోటిలింగం. ముక్కుపొడి మనిషి. కొత్త పుస్తకం వస్తే తెరిచి చూసే అలవాటు లేదు. పేరు చదువుతాడు, ఒక పట్టు పీలుస్తాడు, ఏ బీరువాలో పెట్టాలో తేల్చేస్తాడు. 'చింతతొక్కు' అని పైకే చదివి, నోరూరింది కాబోలు, ఒక గుటక మింగి నా వీపున 'వంటలు' అని చీటీ అంటించాడు. అటుపక్క ఊరగాయల పుస్తకం, ఇటుపక్క షుగరు రోగుల పథ్యం పుస్తకం. వాటి మధ్య పదకొండేళ్లు నిలబడ్డాను.

ఆ పదకొండేళ్లలో నన్ను ఇంటికి తీసుకెళ్లినవాళ్ల సంగతి వినండి. రిటైరైన రెవెన్యూ ఇన్‌స్పెక్టరు గారొకరు పేజీ పేజీకీ వేలు నాలుక మీద అద్దుకుని తిప్పేవారు. ఆ నాలుక మీద అప్పటికే వక్కపొడి. తొక్కు ఎక్కడుందో వెతుకుతూ నన్ను ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిపారు గాని, ఒక్క వాక్యం చదివిన పాపాన పోలేదు. పన్నెండో పేజీలో అక్క ఖాళీ జాడీ ఒళ్లో పెట్టుకుని ఏడ్చే చోట, ఒకావిడ బాల్‌పెన్నుతో "ఉప్పు ఎంతో రాయలేదు. దొంగ పుస్తకం" అని రాసింది. తర్వాత వచ్చినాయన దాని కింద "నిజమే" అని రాసి సంతకం కూడా పెట్టాడు. ఇంకొకాయన గుర్తు కోసం నాలో కరివేపాకు రెబ్బ పెట్టాడు, అదీ నోట్లోంచి తీసి. ఛీ!

మనుషులు పుస్తకం ఎంచుకునే తీరు చూడాలి మీరు. అట్ట మీద బొమ్మ చూస్తారు, లావెంతో చూస్తారు, వెనక ధర చూస్తారు. సొరకాయ కొనేటప్పుడు గోరుతో గిల్లి చూసేపాటి శ్రద్ధ కూడా ఉండదు.

అలాంటి రోజుల్లో మాణిక్యాంబ వచ్చింది. బస్టాండు ఎదురుగా కర్రీ పాయింటు ఉన్న ధర్మారావు భార్య. వండేది ఆవిడ, ముందు కుర్చీలో కూర్చునేది ఆయన. లైబ్రరీ కార్డు ఆయన పేరునే ఉంది. వంటల పుస్తకాలు తెచ్చుకోవచ్చు, కొత్త కూరలు పెట్టొచ్చు గనుక. కథల పుస్తకం గడప దాటితే మాత్రం కార్డు చింపేస్తానని షరతు. "అయ్యి చదివితే ఆడాళ్ల బుర్ర చెడిద్ది" అనేవాడు. పెళ్లికి ముందు బెల్లం పొట్లం కాగితం కూడా విప్పి చదివిన మనిషి, నాలుగేళ్లుగా చెంచాడు ఆవాలు, చిటికెడు పసుపు చదువుకుంటూ ప్రాణం నిలబెట్టుకుంటోంది.

నన్నూ అందరిలాగే తొక్కు కోసమే తీసుకెళ్లింది. పొయ్యి పక్కన తెరిచింది. రెండు పేజీలయ్యాక ఆగి, నన్ను తిరగేసి వీపు మీది చీటీ చూసింది. 'వంటలు' అని ఉంది. గుమ్మం వైపు ఒకసారి చూసి, కొంగుతో చేతులు తుడుచుకుని, మళ్లీ మొదటి పేజీకి వచ్చింది. ఆ పూట దొండకాయ వేపుడు మాడిపోయింది. నా ఇరవయ్యో పేజీ మీద నూనె చుక్క పడింది. ఆ మరక రోతే, ఆవిడ పెట్టిందని వెనకేసుకు రాను.

"ఏందే, అంతసేపు చదువుతున్నావు? ఏం కూరది?" ధర్మారావు బయటి నుంచి అరిచాడు.

"తొక్కండీ. చింతకాయ గింజ పట్టకముందే కొయ్యాలంట. మెంతులు దోరగా వేయించాలంట" అని నా మీది నుంచి కళ్లు ఎత్తకుండానే, నాలో లేని మాటలు చదివేసింది. నిజానికి అది అక్కాచెల్లెళ్లు పొలం గట్టున ఎదురుపడి మొహాలు తిప్పుకునే చోటు.

లోపలికి వచ్చి చూశాడు. "ఏడుస్తున్నావేంది?"

"పోపు ఘాటండీ."

నాకు ఒళ్లు మండిపోయింది. ఊరంతా నన్ను వంటల పుస్తకమని పొరబడింది, సరే. నిజం తెలిసిన ఈ ఒక్కతీ కూడా నా చేత అదే అబద్ధం చెప్పిస్తోంది! పైగా ఆ లేని తొక్కు నూరి అమ్మితే జనం ఎగబడి కొన్నారు.

పదో రోజున నన్ను పూర్తి చేసి లైబ్రరీకి తెచ్చింది. "ఇలాంటి వంటల పుస్తకం ఇంకోటుంటే ఇవ్వండి సార్" అంది. కోటిలింగం బజ్జీల పుస్తకం తీసి ఇచ్చాడు.

"ఇది కాదండీ. చదువుతుంటే ఆపబుద్ధి కానిది."

వంటల పుస్తకానికి ఆ గుణం ఎక్కడిదని అనుమానం వచ్చి, పదకొండేళ్లకు కోటిలింగం నన్ను మొదటిసారి తెరిచాడు. ఒక పేజీ చదివాడు. ఇంకోటి తిప్పాడు. "అయ్యయ్యో, ఇది నవల గదమ్మా! వచ్చే వారం ఇన్‌స్పెక్షను, నా కొంప ముంచేది" అంటూ సొరుగులోంచి బ్లేడు తీశాడు.

మాణిక్యాంబ బల్ల అంచు పట్టుకుంది. "ఆ చీటీ పీకమాకండి సార్. అదుంటేనే ఇంట్లో చదవనిచ్చేది. మీకు పుణ్యముంటది, నవలల బీరువాలోంచి ఇంకోటి తీసి దానికి కూడా వంటలని అంటించి ఇవ్వండి."

"రూలు ఒప్పుకోదమ్మా."

పదకొండేళ్లు గుర్తురాని రూలు ఆ పూట గుర్తొచ్చింది మహానుభావుడికి! చర్ర్‌మని గీకేసి 'నవలలు' అని కొత్త చీటీ అంటించాడు. నా అసలు పేరు నాకు దక్కింది. ఆవిడ మొహం చూస్తుంటే మాత్రం ఆ మర్యాద మీదే నాకు అసహ్యం వేసింది.

ఆవిడ నన్ను మళ్లీ ఆయన వైపు జరిపి, "దీన్నే మళ్లీ రాయండి. ఆఖరి నాలుగు పేజీలు ఇంకోసారి చదవాలి" అంది.

నన్ను కొంగు చాటున దాచకుండానే ఇంటికి పట్టుకెళ్లింది. ధర్మారావు నా వీపు చూడనే చూశాడు. "నవలలా? ఇదేంది?"

"నవలేనండీ. మొదట్నుంచీ నవలే."

"మరి తొక్కు?"

"అది నేను చెప్పింది."

"అయితే ఇది కూరకేం పనికొస్తది?"

"పనికిరాదు. నేను చదువుకుంటా."

ఆయన నన్ను లాక్కుని, గేదెల కోసం పెట్టిన కుడితి బకెట్టులోకి విసిరాడు, కార్డు ముక్కలు చేసి నా మీద చల్లాడు. పులిసిన గంజి, సొరకాయ తొక్కలు, ఎంగిలి మెతుకులు, పైన తేలే నూనె. ఇన్నేళ్ల ఉమ్మూ ముక్కుపొడీ దీని ముందు పన్నీరనిపించింది. మాణిక్యాంబ మోచేతి దాకా చెయ్యి ముంచి నన్ను పైకి తీసింది. కుళాయి కింద కడిగి, తన తువ్వాలులో చుట్టింది.

మర్నాడు నన్ను కోటిలింగం బల్ల మీద పెట్టింది. ఆయన ముక్కు మూసుకున్నాడు.

"పుస్తకం మా ఇంట్లోనే పాడైంది. మీరేం రాసుకుంటారో రాసుకోండి. నాకు మాత్రం నా పేరున కార్డు కావాలి."

ఫారం తీశాడు. "పేరు?"

"మాణిక్యాంబ."

"భర్త పేరు?"

"చదివేది నేనండీ."

ఆ గడి ఖాళీగా వదిలేసి కింది గడికి వచ్చాడు. "హామీ సంతకం ఒకటి కావాలమ్మా. ఊళ్లో ఎవరన్నా..." అంటూ తలెత్తాడు. "ఎవరూ లేరండీ" అంది ఆవిడ. కోటిలింగం ఉబ్బిపోయిన నా వైపు చూశాడు, ముక్కుపొడి డబ్బీ తీసి తెరవకుండానే మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. హామీ గడిలో తన సంతకమే పెట్టేశాడు.

నన్ను రద్దు పుస్తకాల కుప్పలో పడేశారు. నా కింద అట్టల్లేని గైడు, పైన ఎలుక కొరికిన పంచాంగం. కంపు నాదో వాటిదో తెలియడం లేదు. అక్కడి నుంచి నవలల బీరువా బాగా కనిపిస్తుంది.

మాణిక్యాంబ దాని ముందు గంటసేపు నిలబడింది. ఒకటి తీస్తుంది, మొదటి పేజీ నిలబడే చదువుతుంది, పెట్టేస్తుంది. ఇంకోటి తీస్తుంది. లావు చూడలేదు, బొమ్మ చూడలేదు. రెండు పుస్తకాలు చెరో చేత్తో పట్టుకుని ఏది వదలాలో తెలియక నిలబడిపోయింది. చివరికి ఒక దానిలో ఏదో వాక్యం చదివి ఫక్కున నవ్వింది. "ఇది రాయండి సార్" అంది.

నా పక్కనుంచే వెళ్లింది. తన చేత్తో కుడితిలోంచి తీసిన పుస్తకాన్ని, ఒక్కసారైనా తిరిగి చూస్తుందనుకున్నాను. ఛీ, ఏం మనుషులు! నడుస్తూనే చదువుతోంది. గడప తట్టుకుని పడబోయి, తలుపు పట్టుకుని నిలదొక్కుకుంది గాని, పేజీ మీంచి తల ఎత్తలేదు.