మొత్తం కేకు కొన్నవాళ్లు

వెల్డా క్రౌచ్ అక్రోటు కేకు మీద రేకు కప్పి, అంచులు నొక్కి, గాజు పళ్లెం అడుగున వేలితో తడిమి చూసుకుంది. కాగితపు పట్టీ ఊడలేదు. దాని మీద తల్లి చేతిరాతలో ‘ఐలీన్ క్రౌచ్’ అని ఉంటుంది. తల్లి పోయి చాలా ఏళ్లయింది. పళ్లెం తనదైనా ఆ పేరు మార్చాలని వెల్డాకు తోచలేదు. హేజెల్ ఫోర్క్ ఊళ్లో ఎవరి వంటింట్లో చూసినా పళ్లాల అడుగున పేర్లుంటాయి. చర్చి విందులకూ చావు ఇళ్లకూ తిరిగే పళ్లాలు ఆ పేర్లను బట్టే సొంత ఇల్లు చేరతాయి. వట్టిగా మాత్రం చేరవు. నాలుగు గుడ్లో, తోటలో కాసిన టమాటాలో వేసి ఇస్తారు.

కారు వెనక సీట్లో పళ్లెం పెట్టి, పక్కన దాణా కొట్టు యూనిఫాం చొక్కా పడేసింది. పొడుగు మనిషి. ఏళ్లతరబడి మూడో తరగతి బల్లల మీదికి వంగి వంగి వీపు కొంచెం గూని పడింది. స్వెటర్ జేబులు పిల్లల దగ్గర లాక్కున్న పెన్సిల్ ముక్కలతో సాగి వేలాడుతుంటాయి. బడి వదిలాక పశువుల దాణా కొట్టులో గల్లా దగ్గర నిలబడుతుంది. ఒకప్పుడు ఆమె దగ్గర ఎక్కాలు నేర్చుకున్నవాళ్లే వచ్చి, “బాగున్నారా టీచర్?” అని పలకరించి, మిగతా చిల్లర ఆమె చేతుల మీదుగా తీసుకుని పోతారు.

ఈరోజు ఓటింగు. ఊళ్లో ఇళ్ల మీదా పొలాల మీదా పన్ను కాస్త పెంచి ఆ డబ్బుతో టీచర్ల జీతాలు పెంచాలా వద్దా అన్నది ప్రశ్న. ఇదివరకు పెట్టినప్పుడు ఓడిపోయింది. చిన్న వయసు టీచర్లు ఒక్కొక్కరే రాష్ట్రం సరిహద్దు గీత దాటి పక్కనున్న అర్కాన్సా బళ్లకు వెళ్లిపోయారు. చివరికి సోమవారాలు బడి మూసేశారు. గీతకు అవతల ఒక బడి వాళ్లు వెల్డాను కూడా అడిగారు. ఓటు తేలేదాకా ఆగమంది. “ఈ రాత్రికి చెప్పండమ్మా. ఆపైన మాకు ఆగడం కుదరదు” అన్నాడు అక్కడి హెడ్మాస్టరు. పన్ను గెలిస్తే దాణా కొట్టు మానేసి ఇక్కడే ఉండిపోవాలని ఆమె కోరిక. పుట్టిన ఊరు. ఇదే బళ్లో చదువుకుంది కూడా.

ఓటింగు పెట్టేది బడి జిమ్‌లోనే, పిల్లలు ఆటలాడే హాల్లో. పిల్లలు గోడ వారగా, పెదాల మీద వేలు పెట్టుకుని వరసగా వెళుతుంటే, ఓటర్లు పక్కకు తప్పుకుని వాళ్ల తలలు నిమిరారు. జిమ్ బయట వరండా చివర కేకుల బల్ల. తరగతి గదుల్లో కాగితాలకూ రంగులకూ డబ్బు అక్కడే వస్తుంది. ఓటు వేసేచోట పన్ను మాట ఎత్తకూడదని చట్టం. కేకులు అమ్మవచ్చు, అంతే.

మధ్యాహ్నం భోజనాల వేళ వెల్డా బల్ల దగ్గరికి వచ్చేసరికి ఒపాల్ పెద్దమ్మ ముఖం ముడుచుకుని కూర్చుని ఉంది. బడిలో వంటమనిషిగా చేసి రిటైరైన ముసలావిడ. ఓటింగు వచ్చినప్పుడల్లా ఈ బల్ల ఆవిడదే.

“ఏంటి పెద్దమ్మా, అప్పుడే ఇన్ని అయిపోయాయా? మంచిదేగా!”

“మంచిదా నా మొహమా. అన్నీ మొత్తంగా పోయాయి. ముక్కలు కొనేవాడే లేడు.”

వెల్డా నవ్వేసింది. ఒపాల్‌కు ఒక సిద్ధాంతం ఉంది. అవునని ఓటేసినవాడు ఒక్క ముక్క కొని, ఇక్కడే నిలబడి చేతులు నాక్కుంటూ, ఉప్పెక్కువైందనో పంచదార తక్కువైందనో వంకలు పెట్టి పోతాడు. కాదని వేసినవాడు మొత్తం కేకు కొంటాడు. చిల్లర అడగడు. మొహం చూడడు.

“నవ్వవే, నవ్వు. ఆ బాప్టిస్టు పాస్టరు రెండు పట్టుకెళ్లాడు. ఇంట్లో ఉన్నది ఆయనా, ఆయన పిల్లీ.”

“పిల్లికి తీపంటే ఇష్టమేమో.”

“ఆ పిల్లి ఓటేసినా నయమే, మనవైపు వేసేది.”

అంతలో జిమ్ తలుపు తోసుకుని రాయ్స్ వచ్చాడు, వెల్డా తమ్ముడు. దాణా కంపెనీ టోపీ అంచుకు ‘ఓటేశాను’ అన్న గుండ్రటి స్టిక్కరు. ప్రతిసారీ అతను బడి ఆటల్లో గెలిచిన కప్పుల అల్మరాకు ఆనుకుని అక్రోటు కేకు ముక్క తింటాడు. చిన్నప్పుడు పొలం గట్టు మీది చెట్ల కింద నల్ల అక్రోట్లు ఏరి, ట్రాక్టరు చక్రాల కింద పోసి పై తొక్క పగలగొట్టేవాళ్లు ఇద్దరూ. ఆ తొక్క మరక చేతులకు వారాలపాటు పోయేది కాదు. బళ్లో చేతులు వెనక్కి దాచుకునేవాళ్లు.

వెల్డా కత్తి తీసుకుంది. “ఎంత ముక్క కోయమంటావు?”

“కోయకు. మొత్తం ఇచ్చేయ్.”

కత్తి కేకు మీదే ఆగింది.

“జోలీన్ తెమ్మంది” అన్నాడు రాయ్స్, పెళ్లాం పేరు చెప్పి పెద్ద నోటు డబ్బాలో వేస్తూ.

ఒపాల్ పెద్దమ్మ తలవంచుకుని కాగితపు రుమాళ్లు సర్దసాగింది. అవి అప్పటికే సర్ది ఉన్నాయి.

“అక్రోటు తింటే జోలీన్‌కు మూతి వాచిపోతుంది కదరా” అంది వెల్డా.

రాయ్స్ పళ్లెం రెండు చేతులా పట్టుకుని బయటికి నడిచాడు. వెల్డా వెనకే వెళ్లింది. గేటు దాటి, ట్రక్కు దగ్గర, చట్టం గీసిన గీతకు అవతల నిలబడ్డాక అడిగింది.

“మీ గేటు దగ్గర అవునని ఓటెయ్యమనే బోర్డు పాతింది మనిద్దరమే కదరా.”

“మనవరాలు దానికి రంగులేసింది. పీకేస్తే ఏడుస్తుంది.”

“దాని కోసం ఉంచావా?”

“అక్కా, నువ్వు నా మీదికి రాకు. ఎండుగడ్డి ధర చూశావా? డీజిలు చూశావా? నేనొక్కణ్ణే కాదు.” పళ్లాన్ని సీటు మీద పెట్టి, బెల్టు లాగి దానికి బిగించాడు. “నీకు తెలియదులే. నీకు భూమి లేదుగా. పన్ను కాగితం వస్తే ఎట్లా ఉంటుందో నీకెట్లా తెలుస్తుంది?”

గాలికి జెండా తాడు స్తంభానికి తగిలి టంగుమంటోంది. తండ్రి పోతూ పొలం ఇద్దరికీ రాశాడు. చీలిస్తే ఎవరికీ పనికిరాదని, తన సగం తమ్ముడికి రాసిచ్చింది వెల్డా. ‘నీకు మరి?’ అని అతను ఏడుస్తూ అడిగితే, ‘నాకు జీతముందిగా’ అంది.

అది అతనికి గుర్తు చేయాలని నోటిదాకా వచ్చింది. అతని మొహం చూశాక, గుర్తు లేక కాదని అర్థమైంది. “గంట కొడతారు, వెళ్లాలి” అంది.

బడి వదిలాక, దాణా కొట్టుకు వెళ్లే ముందు, రాయ్స్ మనవరాలు టెస్సాను పక్కన కూర్చోబెట్టుకుని చదివించడం రోజూ ఉన్నదే. ఆ పిల్ల కళ్లకు పేజీ మీది అక్షరాలు గెంతుతాయి. ఎక్కడికైనా మంచి టీచరు దగ్గరికి తీసుకెళ్లండని నగరం డాక్టరు చెబితే, రాయ్స్ నవ్వి, ‘మాకు ఇంట్లోనే ఉంది’ అన్నాడట. ఈరోజు టెస్సా కప్ప కథ చదివింది. ఒక పేజీ మొత్తం, లైను కింద వేలు పెట్టుకోకుండా చదివింది. చదివాక తనే ఆశ్చర్యపోయి వేలు చూసుకుంది.

“టీచర్, నేను వేలు మర్చిపోయా!”

“మర్చిపోయావు. బాగా మర్చిపోయావు.”

“తాత మన బోర్డే గెలుస్తుందన్నాడు. గెలిస్తే మీరు నాలుగో తరగతికి కూడా వస్తారా?”

వెల్డా ఆ పిల్ల జడ విప్పి మళ్లీ బిగువుగా అల్లింది. “రెండో పేజీ చదువు” అంది.

చీకటి పడ్డాక ఒపాల్ ఫోను చేసింది. “పోయిందే తల్లీ. ఈ ఒక్కసారి నా లెక్క తప్పు చెయ్యమని దేవుణ్ణి అడిగాను. వినలేదు.”

“పడుకో పెద్దమ్మా. పొద్దుటినుంచీ కూర్చునే ఉన్నావు.”

ఫోను పెట్టేసి, దాణా ధూళి నిండిన చొక్కా విప్పి కుర్చీకి తగిలించి, రాష్ట్రం గీతకు అవతలి హెడ్మాస్టరు నంబరుకు చేసింది. “వస్తాను” అంది. ఇంకేదో చెబుతుందేమోనని అటువైపు మనిషి ఆగాడు. ఆమె అదే మాట మళ్లీ చెప్పింది.

బడి సెలవులిచ్చిన వారంలో సామాను కారులో సర్దుకుని, టెస్సాను చూడటానికి తమ్ముడి ఇంటికి వెళ్లింది. గేటు దగ్గర బోర్డు ఇంకా ఉంది. పసుపు రంగు ఎండకు వెలిసిపోయింది. రాయ్స్ దూరంగా గడ్డి కోస్తున్నాడు. ట్రాక్టరు మీంచి చెయ్యి ఎత్తాడు, ట్రాక్టరు ఆపలేదు. టెస్సా ఆమె నడుము పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

జోలీన్ వాకిలి దాకా వచ్చి గొంతు తగ్గించింది. “పళ్లెం కడిగి ఎప్పుడో పెట్టాను వదినా. వట్టిగా ఎట్లా ఇస్తామని ఆయనే ఆపారు. అందులో ఏం పెట్టాలో మాత్రం తేల్చుకోలేకపోయారు. తీసుకెళ్లండి.”

వెల్డా పళ్లెం వైపు చూసింది. “ఉండనీలే జోలీన్” అంది, మెట్లు దిగింది.

తలుపు పక్కన ఫ్రీజరు పెట్టె మీద, రాయ్స్ ట్రక్కు తాళాల పక్కన, గాజు పళ్లెం బోర్లించి ఉంది, అమ్మ పేరు పైకి కనబడేట్టు.