గిరీష్ వెళ్లే సరస్సు

ఇంత చల్లటి నీళ్లలో చేపలెలా బతుకుతాయో, తమ్ముణ్ణి అడిగితే చెప్పేవాడు, ప్రతి మార్చిలో మూడు రోజులు గిరీష్ ఈ కొండల్లోకే వచ్చేవాడు, మంచు పూర్తిగా కరగకముందే, ట్రౌట్ చేపలు పట్టడానికి, ఆడ ఫోను పనిచెయ్యదక్కా, మోగినా కింద రూములోనే పడుంటాది, వచ్చినాక మాట్లాడతా అనేవాడు, పోయిన ఆగస్టులో కొత్తగూడ ఆఫీసులో కూర్చున్న కుర్చీలోనే గుండె ఆగిపోయింది, నలభై ఒకటి నిండలేదు, వాడికి అంత ఇష్టమైన చోటు ఒక్కసారి చూడాలని ఒంటరిగా బయల్దేరి వచ్చాను, ఒడ్డంతా తెల్లటి మంచు, నడుమ నల్లటి నీళ్లు, కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, ఇంతలో కోటు జేబులో ఫోను మోగింది.

మౌనిక, వాడి భార్య, వదినా రూముకు చేరినారా, ఏమన్నా తిన్నారా, గొంతు పక్కనే నిలబడి అడిగినంత స్పష్టంగా ఉంది, చేరినానమ్మా అంటూ తెర వైపు చూశాను, సిగ్నల్ నిండుగా ఉంది, ఈ మధ్యే టవర్ వేశారేమో, అంతే అయ్యుండాలి, ఫోను చేత్తో మూసి, ఇందాక తమ్ముడి ఫొటో చూపిస్తే గుర్తుపట్టిన, గాలాలు అద్దెకిచ్చే ముసలాయన్ని హిందీలో అడిగాను, లేదు బేటీ, టవర్ వచ్చి ఏడెనిమిదేళ్లయింది, మీ తమ్ముడి ఫోను మోగుతూనే ఉండేది, మా అక్క అని నాకు చూపించి నవ్వి, ఇదిగో ఈ బండ మీద బోర్లా పెట్టేవాడు, చేప పడినా మళ్లీ నీళ్లలోకే వదిలేసేవాడు.

వదినా, ఇంటుండారా అంటోంది మౌనిక, తనకూ ఇన్నేళ్లూ సిగ్నల్ లేదనే చెప్పాడు, నిజం నోటిదాకా వచ్చింది, భర్త పోయిన ఏడు నెలలకు ఈ మాట విని ఏం చేసుకుంటుంది, మాట సరిగ్గా ఇనపడలేదమ్మా, రేపు మాట్లాడతా అని పెట్టేశాను.

ఆ బండ మీదే కూర్చున్నాను, కోపం వచ్చింది, పోయినవాడి మీద కోపమేమిటి, అది ఎక్కువసేపు నిలవలేదు, నేను చేసిన ఫోన్లు ఒక్కొక్కటే గుర్తుకొస్తున్నాయి, మణికొండ ఫ్లాటుకు నీళ్లు రాలేదురా, అమ్మకు బీపీ పెరిగిందిరా, మావాడికి మీ కంపెనీలో ఏమన్నా చూడరా, చెప్పక్కా అనే వాడి గొంతు, ప్రతిసారీ చెప్పింది నేనే, నువ్వెట్లుండావురా అని అడిగిన ఫోను ఒక్కటైనా ఉండాలి, పుట్టినరోజుకి చేశాను కదా, కాదు, ఆ రోజూ అమ్మ స్కానింగు సంగతే, ఏడాదికి మూడు రోజులు, ఎవరూ ఏమీ అడగని చోట కూర్చోవడానికి ఇంత దూరం వచ్చాడు వాడు, అడిగేవాళ్లలో అందరికంటే ముందున్నది నేనే.