జామీనుకు వచ్చిన ఊరు

అప్పలసూరికి బెయిలు మంజూరైన రోజు, రేపో ఎల్లుండో నీ మొగుడు ఇంటికి వచ్చేస్తాడని అతని భార్య కాశమ్మకు మాట ఇచ్చాను. 1981లో నాకు నల్లకోటు కొత్త. బెయిలు అంటే విడుదల అనుకునేంత తెలివి నాది.

కేసు చిన్నది. కూర్మన్నపాలెం దగ్గర ఒక కాంట్రాక్టరు యార్డులో రాగి తీగ చుట్ట పోయింది. అక్కడ పనిచేసే కూలీల్లో ఆ రోజు రానివాడు అప్పలసూరి ఒక్కడే, పెందుర్తిలో చెల్లెలి ఇంటికి వెళ్ళాడు. పనికి రాలేదు కాబట్టి దొంగ అన్నారు. వచ్చి ఉంటే, అక్కడే ఉన్నాడు కాబట్టి దొంగ అనేవాళ్ళు. తీగ దొరకలేదు, తీస్తుండగా చూసినవాడూ లేడు.

బెయిలుకు మేజిస్ట్రేటు గారు ఒక షరతు పెట్టారు. సొంత భూమి ఉన్నవాళ్ళు ఇద్దరు జామీను ఉండాలి. కాశమ్మ ఆ మాట తన ఊరివాళ్ళకు చెప్పింది. మర్నాడు మొదటి బస్సుకే పద్దెనిమిది మంది ఉతికిన పంచెలు కట్టుకుని కోర్టుకు వచ్చేశారు. ఇద్దరు చాలని చెప్పినా ఒక్కడూ వెనక్కి పోలేదు.

ప్రతివాడి చేతిలోనూ జాగ్రత్తగా మడిచిన కాగితం ఉంది. కూర్మన్నపాలెం దగ్గర కడుతున్న ఫ్యాక్టరీ కోసం ప్రభుత్వం వాళ్ళ ఊరునీ పొలాలనీ తీసుకున్నప్పుడు ఇచ్చిన కాగితం అది. సర్వే నంబరు, విస్తీర్ణం, సర్కారు ముద్ర అన్నీ ఉన్నాయి. భూమి పేరున వాళ్ళకు మిగిలింది అదొక్కటే, ముద్ర ఉంది కాబట్టి కోర్టు కాదనదనుకున్నారు. చూడగానే నాకు సంగతి తెలిసిపోయింది. కానీ వాళ్ళ మొహాలు చూశాక చెప్పడానికి నోరు రాలేదు.

అందరిలోకీ పెద్దవాడు జగ్గారావు ముందుకు వెళ్ళి కాగితం అందించాడు. మేజిస్ట్రేటు గారు చదివి, ఇది నీకు భూమి ఉందని చెప్పే కాగితం కాదు, లేదని చెప్పే కాగితం అన్నారు. జగ్గారావు చేతులు కట్టుకుని అన్నాడు:

"తీసుకున్నది సర్కారే గదా బాబూ. ఈ కోర్టూ సర్కారుదే గదా. మా బూమి మీకాడే ఉంది. ఇంకేటి జామీను కావాల?"

కోర్టంతా నవ్వింది. నా తోటి ప్లీడర్లు కళ్ళు తుడుచుకుంటూ మరీ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ గదిలో ఆ రోజు చట్టం తెలిసినట్టు మాట్లాడినవాడు జగ్గారావు ఒక్కడే. మేజిస్ట్రేటు గారు నవ్వలేదు. కాగితం తిరిగి ఇచ్చేశారు, అంతే.

జామీనుదారులు లేకుండా సొంత పూచీ మీద వదలమని రెండుసార్లు అర్జీ పెట్టాను. బీదవాడిని అలా వదలవచ్చని పై కోర్టులు చెప్పిన తీర్పులు చదివి వినిపించాను. ఊరే లేనివాడు పారిపోతే ఎక్కడ వెతుకుతామన్నారు మేజిస్ట్రేటు గారు. ఆ ఊరు ఎవరు తీసుకున్నారని అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేకపోయాను. ఆ పిరికితనానికి ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఆ తర్వాత వాయిదాలు. ఒకసారి కాంట్రాక్టరు తరపు సాక్షి రాడు. ఒకసారి మేజిస్ట్రేటు గారికి సెలవు. ఒకసారి జైలు నుంచి తీసుకురావడానికి కానిస్టేబుళ్ళు లేరు. బెయిలు వచ్చిన మనిషి పదకొండు నెలలు జైల్లో ఉన్నాడు. కాశమ్మ ఇటుకలు మోసే పని మానేసి ప్రతి వాయిదాకూ వచ్చి, వరండాలో నిలబడి వెళ్ళిపోయేది.

చివరికి సర్కారు తరపు వకీలే దారి చూపించాడు. నేరం ఒప్పుకుంటే, ఇప్పటిదాకా జైల్లో ఉన్నదే శిక్ష కింద సరిపెట్టి ఈ రోజే పంపేస్తారట. నేను వెళ్ళి అప్పలసూరికి చెప్పాను. అతను బాగా చిక్కిపోయాడు, మధ్యమధ్య దగ్గుతున్నాడు. చెయ్యలేదంటే ఏమవుతుందని అడిగాడు. మళ్ళీ వాయిదా అన్నాను. చేశానంటే? సాయంత్రానికి ఇంట్లో ఉంటావన్నాను.

"అయితే దొంగకే ఇల్లు దగ్గరన్నమాట బాబూ," అన్నాడు.

ఒప్పుకో అన్నాను. ఒప్పుకున్నాడు. చెయ్యని నేరాన్ని నేనే దగ్గరుండి ఒప్పించాను. సాయంత్రం మొగుడూ పెళ్ళాం బస్సెక్కుతుంటే, ఏదో ఘనకార్యం చేసినట్టు నిలబడి చూశాను కూడా.

నాలుగు నెలల తర్వాత ఇంకో యార్డులో పంపు మోటారు పోయింది. పోలీసు జీపు తిన్నగా అప్పలసూరి ఇంటికే వెళ్ళి అతన్ని ఎక్కించుకుపోయింది. మోటారు పోయిన వేళకు ఈసారి అతను వేరేచోట పనిలోనే ఉన్నాడు, అక్కడ అతన్ని చూసినవాళ్ళు ఎనిమిది మంది. స్టేషనుకు వెళ్ళి అడిగితే ఇన్స్పెక్టరు నాకు కుర్చీ వేసి, ఎంతో మర్యాదగా, పాత నేరస్తుడండీ, కోర్టులో తనే ఒప్పుకున్నాడు గదా అన్నాడు.

మర్నాడు కాశమ్మ నా ఆఫీసుకు వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. ఏడవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఆయేల ఒప్పుకోమన్నావు, ఒప్పుకున్నాడు. ఈపాలి ఏటి సెప్పమంటావు బాబూ?" అని అడిగి, నా జవాబు కోసం నిలబడింది.